చుట్టకు లేని అడ్డు ఆవిరికి: వేపింగ్‌ను నిషేధించాలా, నియంత్రించాలా?

ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో, అడ్డపొగ అనే అలవాటు తరతరాలుగా ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపలికి తిప్పుకుని పీల్చడమే అడ్డపొగ. ఇలా తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. 1971లో అచ్చయిన ఒక వైద్య అధ్యయనం కోసం పరిశోధకులు ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. అంగిలి మీద పొగ ఏయే మార్పులు తెస్తుందో, అవి కేన్సర్ దాకా ఎలా వెళ్తాయో వైద్యలోకానికి వివరంగా తెలిసింది అలాంటి అధ్యయనాల వల్లే. అప్పటి నుంచి అర్ధ శతాబ్దం గడిచింది. చుట్ట ఇప్పటికీ కొట్లో దొరుకుతుంది, దాన్ని అమ్మడం నేరం కాదు.

2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్ల మీద, అంటే నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే వేప్‌ల మీద, నిషేధపు ఆర్డినెన్సు తెస్తున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటన చేసింది ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. డిసెంబరు నాటికి పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించడంతో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. నిప్పుకొస నోట్లో పెట్టుకునే చుట్టకు లేని అడ్డు, నిప్పే లేని ఆవిరికి వచ్చింది. వేపింగ్ మీద జరిగే వాదోపవాదాలన్నీ ఏదో ఒక దారిలో ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఈ తేడా అర్థం కావాలంటే ముందు పొగను, నికోటిన్‌ను విడదీసి చూడాలి. సిగరెట్ దమ్ము లాగినప్పుడు దాని కొసన వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ మంటలో ఆకు కాలి 7,000కు పైగా రసాయనాలు పుడతాయి. వాటిలో సుమారు 70 కేన్సర్ కారకాలు. ఊపిరితిత్తులను పాడుచేసే తారు, రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమించే కార్బన్ మోనాక్సైడ్ ఈ కాలడంలోంచే వస్తాయి. నికోటిన్ పని వేరు. అది మెదడుకు చేరి తృప్తినిస్తుంది, కాసేపటికి మళ్లీ కావాలనిపిస్తుంది. బ్రిటన్‌లో పొగాకు వ్యసనం మీద పనిచేసిన మానసిక వైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే ఈ మాట చెప్పాడు: జనం పొగ తాగేది నికోటిన్ కోసం, చచ్చిపోయేది తారు వల్ల.

ఈ రెంటినీ వేరుచేసే పరికరాన్ని జనంలోకి తెచ్చింది చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్. 2003లో ఆయన రూపొందించిన నమూనాయే నేటి వేప్‌లకు మూలం. అందులో పొగాకు ఆకు ఉండదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన ద్రవంలో నికోటిన్, రుచి, వాసన కలుపుతారు. బ్యాటరీతో వేడెక్కే చిన్న తీగచుట్ట ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఏదీ కాలదు, కాబట్టి తారు ఉండదు. అంతమాత్రాన అది నీటి ఆవిరి అనుకోవడం తప్పు. అతి సూక్ష్మమైన తుంపరలు, లోహపు రేణువులు, ఫార్మాల్డిహైడ్ లాంటివి అందులోనూ ఉంటాయి. సిగరెట్ పొగతో పోలిస్తే చాలావాటి మోతాదు బాగా తక్కువ. నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, కడుపులో బిడ్డకు మంచిది కాదు, ఎదిగే వయసు మెదడును అలవాటుకు త్వరగా లొంగదీస్తుంది. ఈ చివరి మాటలో ఎవరికీ అభిప్రాయభేదం లేదు.

అభిప్రాయభేదం అంకె దగ్గర మొదలవుతుంది. వేపింగ్ పొగ తాగడం కంటే 95 శాతం తక్కువ హానికరమని 2015లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ ప్రకటించింది. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది, వేప్ కంపెనీలు దాన్ని తలకెత్తుకున్నాయి. దాని మూలం 2014లో కొద్దిమంది నిపుణులు కూర్చుని ఏ నికోటిన్ ఉత్పత్తికి ఎంత హాని ఉందో మార్కులు వేసిన ఒక కసరత్తు. మూలం ఇంత బలహీనమైతే దాని మీద విధానం ఎలా కడతారని లాన్సెట్ వైద్యపత్రిక ఆ ఏడాదే సంపాదకీయంలో నిలదీసింది. అయినా 2016లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సొంతంగా సమీక్షించి, దీర్ఘకాల హాని పొగ హానిలో 5 శాతం దాటకపోవచ్చని రాసింది. 95 అనేది కొలిచి తేల్చిన అంకె కాదు, అంచనా. దాన్ని తూనికరాయిలా వాడటం పొరపాటు. కానీ అంకెను తోసిపుచ్చినంత తేలిగ్గా దాని వెనకున్న దిశను తోసిపుచ్చలేం. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో వందలాది అధ్యయనాలు చదివి రాసిన నివేదికలో, సిగరెట్ పూర్తిగా మాని వేప్‌కు మారినవాళ్ల ఒంట్లోకి వెళ్లే విషపదార్థాలు తగ్గుతాయనడానికి తిరుగులేని ఆధారాలున్నాయని తేల్చాయి. అదే నివేదిక, వేప్ పట్టిన పిల్లలు ఆ తర్వాత సిగరెట్ రుచి చూసే ముప్పు పెరుగుతుందనడానికీ గట్టి ఆధారాలున్నాయంది. ఒక పక్షం మొదటి వాక్యం చదివి ఆగిపోతుంది, రెండో పక్షం రెండో వాక్యంతో మొదలుపెడుతుంది.

ఇంకో చిక్కు కాలానిది. సిగరెట్ వల్ల ఊపిరితిత్తుల కేన్సర్ రావడానికి దశాబ్దాలు పడుతుంది. వేప్ విరివిగా వాడటం మొదలై ఇంకా అంతకాలం కాలేదు. ముప్పై ఏళ్ల వాడకం ఏం చేస్తుందో చెప్పగల రోగుల రికార్డులు ప్రపంచంలో ఎక్కడా లేవు. ఇది ప్రమాదానికి రుజువు కాదు, భద్రతకూ రుజువు కాదు.

పెద్దవాళ్ల విషయంలో అడగాల్సింది సూటి ప్రశ్న: పొగ మానడానికి వేప్ పనికొస్తుందా? బ్రిటన్‌లో 886 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. కొందరికి నమిలే నికోటిన్ గమ్, చర్మానికి అంటించే ప్యాచ్ లాంటివి ఇచ్చారు, కొందరికి వేప్ ఇచ్చారు, ఇద్దరికీ కౌన్సెలింగ్ ఒకటే. ఏడాది తర్వాత చూస్తే సిగరెట్ మానినవాళ్లు వేప్ వర్గంలో 18 శాతం, రెండో వర్గంలో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. కానీ అదే పరీక్షలో మరో అంకె ఉంది. వేప్‌తో మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. గమ్, ప్యాచ్‌లతో మానినవాళ్లలో అవి ఇంకా వాడుతున్నది 9 శాతమే. సిగరెట్ పోయింది, నికోటిన్ మిగిలింది. ఇది గెలుపా ఓటమా అన్నది చూసేవాళ్ల గురిని బట్టి మారుతుంది. గురి కేన్సర్ అయితే గెలుపే. గురి వ్యసనమే అయితే సగం పని మిగిలిపోయినట్టు. వైద్యపరీక్షలను కూడగట్టి చూసే కాక్రేన్ సమీక్ష కూడా ఇదే వైపు మొగ్గింది: ఏ సాయమూ లేకుండా నూటికి నలుగురు మానితే, గమ్, ప్యాచ్‌లతో ఆరుగురు, నికోటిన్ వేప్‌తో 8 నుంచి 11 మంది మానతారు.

వేప్‌తోనూ నూటికి తొంభైమంది మానలేకపోతున్నారని గమనించాలి. అదేమీ మంత్రదండం కాదు. పైగా బయటి లోకంలో చాలామంది సిగరెట్ మానకుండానే వేప్ కూడా మొదలుపెడతారు. ఆఫీసులో ఇది, ఇంటి మేడ మీద అది. అలా రెండూ నడిపేవాళ్లకు ఒరిగే లాభం పెద్దగా ఉండదు.

ఇక భయం కలిగించిన కథ అమెరికాది. 2015లో జూల్ అనే కంపెనీ పెన్‌డ్రైవ్‌లా ఉండే పరికరం తెచ్చింది. నికోటిన్‌ను లవణ రూపంలోకి మార్చడంతో గొంతు మండకుండా ఎక్కువ మోతాదు లోపలికి పోయేది. మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల దాకా నికోటిన్, అంటే ఐరోపా పరిమితికి దాదాపు మూడింతలు. రుచులు మామిడి, పుదీనా, క్రీమ్. నాలుగేళ్లు తిరిగేసరికి, 2019లో, అక్కడి హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది గత నెల రోజుల్లో వేప్ వాడామని ప్రభుత్వ సర్వేలో చెప్పారు. అదే ఏడాది ఆస్పత్రుల్లో కుర్రాళ్లు ఊపిరాడక చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి అలాంటి కేసులు 2,807, మరణాలు 68. చివరికి ప్రధాన కారణంగా తేలింది బ్లాక్ మార్కెట్‌లో గంజాయి సారంతో కలిపి అమ్మిన ద్రవాల్లోని విటమిన్ ఇ ఎసిటేట్. అది తేలేలోపే వార్త ప్రపంచాన్ని చుట్టేసింది. భారత ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చింది సరిగ్గా ఆ వార్తలు ముమ్మరంగా ఉన్న సెప్టెంబరులోనే.

అయితే మన నిషేధానికి పునాది ఆ వార్తలేనంటే అన్యాయం అవుతుంది. 2018 ఆగస్టులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు హెచ్చరిక పంపింది. 2019 మేలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, పూర్తి నిషేధం కోరుతూ శ్వేతపత్రం ఇచ్చింది. ప్రభుత్వ వాదనలో బలం ఉంది. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం ఈ-సిగరెట్ వాడే పెద్దలు 0.02 శాతం. ఆ పేరైనా విన్నవాళ్లు 3 శాతం. అంటే దేశంలో అలవాటు ఇంకా వేళ్లూనలేదు. వేళ్లూనాక పీకడం ఎంత కష్టమో బీడీ, ఖైనీ, గుట్కా నేర్పాయి కాబట్టి మొలకలోనే తుంచేద్దామన్నది ఆలోచన. పదిమందిలో ఒకరు వేప్ వాడే దేశం నిషేధించడం వేరు, పదివేలమందిలో ఇద్దరు వాడే దేశం నిషేధించడం వేరు. లండన్ నుంచో వాషింగ్టన్ నుంచో భారత్‌ను తప్పుపట్టేవాళ్లు ఈ తేడాను తరచూ మరచిపోతారు.

ఆ సర్వేలోనే మరో పేజీ ఉంది. దేశంలో పెద్దల్లో 28.6 శాతం, అంటే దాదాపు 26 కోట్ల 70 లక్షల మంది ఏదో రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవాళ్లు 10.7 శాతమే. నమిలే, చప్పరించే, ముక్కుతో పీల్చే పొగాకు వాడేవాళ్లు 21.4 శాతం. పొగ తాగేవాళ్లలోనూ సిగరెట్ (4 శాతం) కంటే బీడీ (7.7 శాతం) వాటా ఎక్కువ. పొగాకు వల్ల దేశంలో ఏటా చనిపోయేవాళ్లు దాదాపు 13.5 లక్షల మంది. వేప్ చర్చను బ్రిటన్ నుంచి యథాతథంగా తెచ్చి ఇక్కడ పరచడం కుదరనిది ఇక్కడే. అక్కడ మానాల్సింది సిగరెట్, దాని ధర ఆకాశంలో ఉంది, వేప్ చౌక. ఇక్కడ మానాల్సింది ఎక్కువగా ఖైనీ, బీడీ. బీడీ కట్ట ధర ముందు ఏ వేప్ అయినా ఖరీదే. నిజామాబాద్‌లో రోజుకు రెండు కట్టలు తాగే కూలీకి, మామిడి రుచి ఆవిరి ప్రత్యామ్నాయంగా కనిపించదు. అది కనిపించేది హైదరాబాద్ కాలేజీ కుర్రాడికి, ఐటీ ఉద్యోగికి. నియంత్రిత అమ్మకానికి అనుమతిస్తే వేప్ ఎవరికి చేరుతుందన్న ప్రశ్నకు, దాన్ని సమర్థించేవాళ్ల దగ్గర సరైన జవాబు ఇప్పటికీ లేదు.

నిషేధాన్ని సమర్థించేవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి. నిషేధం తర్వాత వేప్ మాయం కాలేదు. నగరాల్లో పాన్‌షాపుల వెనక, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లో, డెలివరీ బాయ్ చేతుల్లో అది తిరుగుతూనే ఉంది. పోలీసులు, కస్టమ్స్ అధికారులు తరచూ పట్టుకుంటూనే ఉన్నారు. 2023లో ఆరోగ్య శాఖ ఉల్లంఘనల మీద ఫిర్యాదుకు ప్రత్యేకంగా వెబ్ పోర్టల్ తెరవాల్సి వచ్చింది. వాడకం అనే మాట చట్టం పేరులో లేదు. ఏ రూపంలో దగ్గర ఉంచుకున్నా ఉల్లంఘనేనని మంత్రిత్వ శాఖ ఆ తర్వాత వివరణ ఇచ్చింది. బ్రిటన్‌లో చదువుకుంటూ అక్కడ పద్దెనిమిది దాటితే చట్టబద్ధంగా కొనుక్కునే వేప్‌ను సెలవులకు శంషాబాద్‌లో దిగే తెలుగు విద్యార్థి జేబులో వేసుకొస్తే, ఇక్కడ అది నేరపు సరుకు.

దొంగచాటుగా దొరికే వేప్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. డబ్బా మీద రాసిన నికోటిన్ మోతాదు నిజమో కాదో చూసే ల్యాబ్ లేదు, వయసు అడిగే దుకాణదారు లేడు, బ్యాటరీ పేలితే బాధ్యుడు లేడు. పిల్లలను కాపాడటం నిషేధం లక్ష్యమైతే, పిల్లల చేతికి చేరిన సరుకు మీద రాజ్యానికి పట్టు లేకుండా పోవడం దానికి చెల్లించిన మూల్యం. తెలుగు రాష్ట్రాలకు ఇది గుట్కా నేర్పిన పాఠమే. ఆహార భద్రత నిబంధనల కింద గుట్కాను నిషేధించి చాలా ఏళ్లయింది. పాన్‌మసాలా ఒక ప్యాకెట్, పొగాకు మరో ప్యాకెట్ పక్కపక్కనే తగిలించి అమ్మడం ఆ వెంటనే మొదలైంది. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటాడు.

అదే గుట్కా పాఠం రెండో వైపు నుంచి కూడా చదవాలి. 2003 పొగాకు చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మొద్దంది, బడికి వంద గజాల్లోపు అమ్మొద్దంది. ఏ బడి ముందున్న కిళ్లీకొట్టు దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడితే ఆ వంద గజాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. విడి సిగరెట్ అమ్మేవాడు వయసు అడగడు. ప్యాకెట్ మీద 85 శాతం చోటు ఆక్రమించిన హెచ్చరిక బొమ్మ ఒక్క సిగరెట్ కొనేవాడికి కనిపించను కూడా కనిపించదు. సిగరెట్ విషయంలో అమలు కాని వయసు నిబంధన వేప్ విషయంలో అమలవుతుందని ఎలా నమ్మాలి? నియంత్రణ అంటే గెజిట్‌లో అచ్చయిన కాగితం కాదు, ఇన్‌స్పెక్టర్లు, ల్యాబులు, లైసెన్సులు, రద్దయ్యే లైసెన్సులు. ఇవి లేనిచోట నిషేధమూ, నియంత్రణా రెండూ ఒకే కొట్టు ముందు ఓడిపోతాయి.

నియంత్రణ దారిలో అందరికంటే దూరం నడిచిన బ్రిటన్ అనుభవం ఈ విషయంలో విలువైనది. 2016 నుంచి అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు, రీఫిల్ సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. ప్రతి ఉత్పత్తి వివరాలూ ముందే ప్రభుత్వానికి అందజేయాలి. 2023లో పదిలక్షల మంది పొగరాయుళ్లకు వేప్ కిట్లు ఉచితంగా ఇచ్చే పథకం ప్రకటించారు. 2011లో 20.2 శాతం ఉన్న పొగ తాగేవాళ్లు 2023కి 11.9 శాతానికి తగ్గారు. ధరలు, బహిరంగ ప్రదేశాల్లో నిషేధం, సాదా ప్యాకెట్లు అన్నీ ఇందులో పనిచేశాయి కాబట్టి ఘనతంతా వేప్‌కు కట్టబెట్టలేం. వేప్‌కు వాటా లేదనీ అనలేం.

ఆ దేశమే 2021 తర్వాత తడబడింది. వాడి పారేసే రంగురంగుల డిస్పోజబుల్ వేప్‌లు చాక్లెట్ల ధరకు వచ్చేశాయి. పిల్లల్లో వాడకం ఎగిసింది. వారానికి దాదాపు 50 లక్షల వేప్‌లు, లోపలి లిథియం బ్యాటరీతో సహా, చెత్తబుట్టల్లో పడ్డాయి. 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుల్‌ను నిషేధించారు. 2024 నవంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు రుచులు, ప్యాకింగ్, ప్రదర్శన మీద అధికారాలు అడిగింది. 2009 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఎప్పటికీ పొగాకు అమ్మకూడదన్న ప్రతిపాదన కూడా అందులోనిదే. వేప్ ద్రవం మీద పన్నుకు 2026 అక్టోబరు ముహూర్తం పెట్టారు. బ్రిటన్ పొరపాటు అనుమతించడంలో లేదు, కళ్లు మూసుకోవడంలో ఉంది. పెద్దవాళ్ల కోసం తెరిచిన తలుపు ఎంత వెడల్పుందో కొన్నేళ్లపాటు ఎవరూ కొలవలేదు.

ఆస్ట్రేలియా అటు నుంచి వచ్చింది. 2021 అక్టోబరు నుంచి డాక్టరు చీటీ ఉంటేనే నికోటిన్ వేప్. ఆచరణలో ఎక్కువమంది చీటీ జోలికే పోకుండా బ్లాక్‌లో కొన్నారు. 2024లో చికిత్సకు కాని వేప్‌ల దిగుమతులు ఆపి, జులై నుంచి ఫార్మసీలకే పరిమితం చేసి, అక్టోబరు నుంచి పెద్దవాళ్లు ఫార్మసిస్టుతో మాట్లాడి చీటీ లేకుండా తీసుకునేలా సడలించారు. పొగాకు, మెంథాల్, పుదీనా తప్ప వేరే రుచులు లేవు. కాగితం మీద ఇంతకంటే పొందికైన ఏర్పాటు కనిపించదు. కానీ సిగరెట్ల మీద పన్ను విపరీతంగా పెరగడంతో దొంగ సిగరెట్లు, దొంగ వేప్‌ల వ్యాపారం ముఠాల చేతికి పోయింది. 2023 నుంచి మెల్‌బోర్న్‌లో పొగాకు దుకాణాలకు నిప్పు పెట్టిన ఘటనలు వరుసగా జరిగాయి.

రుచుల మీద గొడవ విడిగా చెప్పుకోవాల్సింది. పిల్లలను లాగేది పళ్ల రుచులే అన్నది నిజం. సిగరెట్ మానిన పెద్దవాళ్లలో చాలామంది వాడేదీ అవే రుచులన్నది అంతే నిజం, సిగరెట్ రుచిని గుర్తుచేయనిది వాళ్లకు కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం రుచులున్న పొగాకు, వేప్ ఉత్పత్తుల అమ్మకాన్ని ఆపేశాక, అక్కడి హైస్కూలు పిల్లల్లో పొగ తాగడం మిగతా ప్రాంతాలతో పోలిస్తే పెరిగిందని 2021లో ఒక అధ్యయనం కనుగొంది. ఒక్క నగరం, ఒక్క అధ్యయనం, దాని మీద విమర్శలూ ఉన్నాయి. అయినా ఒక గొట్టం బిగిస్తే నీరు ఏ సందులోంచి వస్తుందో ముందే చూసుకోవాలన్న హెచ్చరిక అందులో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన లెక్క ప్రకారం 34 దేశాలు ఈ-సిగరెట్ అమ్మకాన్ని నిషేధించాయి, 74 దేశాల్లో అసలు ఏ నిబంధనా లేదు, 88 దేశాల్లో కొనడానికి కనీస వయసు లేదు. పిల్లలకు అన్నిటికంటే చెడ్డది ఈ చివరి వరసే. నిషేధించిన దేశాన్నీ నియంత్రించిన దేశాన్నీ తూర్పారబట్టే చర్చల్లో ఈ ఏమీ చేయని దేశాల ఊసు రాదు.

మన దగ్గర అనుమానాన్ని పెంచే మరో కోణం డబ్బు. దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ప్రభుత్వ రంగ ఎల్ఐసీకి దాదాపు 15 శాతం వాటా ఉంది. గుంటూరు కేంద్రంగా 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింది సంస్థ. కొండపి, టంగుటూరు, జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్లకు ధర పలకకపోతే ప్రభుత్వాలు జోక్యం చేసుకోక తప్పదు. వేప్‌లో వాడే నికోటిన్‌ను కూడా చాలావరకు పొగాకు నుంచే తీస్తారు, శుద్ధ నికోటిన్‌ను భారత కంపెనీలు ఎగుమతి చేస్తాయి. బీడీలు చుట్టే లక్షల మంది ఆడవాళ్లకు తెలంగాణ ప్రభుత్వం పింఛను ఇస్తోంది. ఇవ్వాల్సిందే, తునికాకుతో వేళ్లు, పొగాకు ధూళితో ఊపిరి అరగదీసుకున్న శ్రమ అది. సిగరెట్ కంపెనీలను కాపాడటానికే వేప్‌ను నిషేధించారనడానికి ఆధారం లేదు. అయితే పాత పొగాకుకు ఓట్లున్నాయి, రైతులున్నారు, వాటాలున్నాయి. కొత్త వేప్‌కు ఇవేవీ లేవు. కాబట్టి దాన్ని నిషేధించడం చౌకగా తేలింది. హాని ఎక్కువున్న చోట పట్టు ఎక్కువ ఉండాలి. మన చట్టాల నిచ్చెన తలకిందులుగా ఉంది: అన్నిటికంటే తక్కువ పన్ను వేసి వదిలేసింది బీడీని, అన్నిటికంటే గట్టిగా బిగించింది వేప్‌ను.

నిచ్చెనను సరిచేయడమంటే వేప్‌ను పాన్‌షాపులో పెట్టడమని అర్థం కాదు. మన కొట్ల మీద, మన తనిఖీల మీద ఇప్పుడున్న పట్టు చూస్తే అది పిల్లలకు ద్రోహం చేయడమే. ముందు సరిచేయాల్సింది కింది మెట్టు: విడి సిగరెట్, విడి బీడీ అమ్మకం ఆపడం, బీడీ పన్ను పెంచి ఆ డబ్బుతో చుట్టేవాళ్లకు వేరే పని చూపడం, మానాలనుకున్నవాళ్లకు మందు అందించడం. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు మాన్పించడానికి వారెనిక్లిన్, నికోటిన్ గమ్, ప్యాచ్‌లు, బుప్రోపియాన్, సైటిసిన్‌లను కౌన్సెలింగ్‌తో కలిపి సిఫారసు చేసింది. ఖైనీ నమిలేవాళ్లకు కూడా పనికొచ్చేవి వీటిలో ఉన్నాయి. వేప్‌తో ఆ వర్గానికి ఒరిగేది చాలా తక్కువ. మన దేశంలో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది, 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. ఈ రెండు మాటలూ తెలిసిన బీడీ కార్మికుడు, భవన నిర్మాణ కూలీ, ఆటోడ్రైవరు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇవన్నీ ప్రయత్నించినా మానలేని పెద్దవాళ్లు మిగులుతారు. ముప్పై ఏళ్లుగా సిగరెట్ తాగుతూ, గమ్ నమిలి, ప్యాచ్ అంటించుకుని, రెండుసార్లు మాని మళ్లీ పట్టినవాళ్లు. వాళ్లకు చట్టం ఏం చెబుతోందో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 2019 చట్టం ఈ-సిగరెట్‌ను నిర్వచించిన చోటే, 1940 ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు పొందిన ఉత్పత్తిని ఆ నిర్వచనంలోంచి మినహాయించింది. అంటే మందుగా పరీక్షకు నిలబడిన వేప్‌కు తలుపు మూయలేదు. ఈ ఇరుకు తలుపే పెద్దవాళ్ల హక్కుకూ పిల్లల రక్షణకూ మధ్య న్యాయంగా ఇమడగలిగేది. పరిమిత నికోటిన్, ఒకటో రెండో రుచులు, మానిపించే కేంద్రంలో పేరు నమోదు, ప్రకటనలు శూన్యం.

ఆ దారి సులువని చెప్పడానికి లేదు. బ్రిటన్‌లో 2015లోనే ఈ-వోక్ అనే వేప్ మందుగా లైసెన్సు పొందింది, దాని వెనక ఉన్నది బ్రిటిష్ అమెరికన్ టొబాకో. మార్కెట్లోకి మాత్రం అది రాలేదు. మందుగా అమ్మడం కంటే మామూలు సరుకుగా అమ్మడం లాభమైనప్పుడు ఏ కంపెనీ అయినా రెండోదే ఎంచుకుంటుంది. మన దగ్గర ఆ రెండో దారి మూసి ఉంది, కాబట్టి మొదటి దారికి ఇక్కడ అక్కడికంటే ఎక్కువ అవకాశం ఉంది. దరఖాస్తు కంపెనీ నుంచే రావాలన్న నియమం కూడా ఏమీ లేదు. ఐసీఎంఆర్ నిషేధం కోరిన శ్వేతపత్రం రాసింది విదేశీ అధ్యయనాలను ఎక్కువగా ఆధారం చేసుకుని. బీడీ తాగేవాళ్ల మీద, అడ్డపొగ మానలేని ఆడవాళ్ల మీద, మన ఆస్పత్రుల్లో, వేప్‌నూ గమ్‌నూ సైటిసిన్‌నూ పక్కపక్కన పెట్టి ఒక పరీక్ష జరిపే సత్తా ఆ సంస్థకు ఉంది.